ఆసుపత్రి సైటు చూపులేని వాళ్ళకూ పనిచేయాలా, కౌంటర్లో ఒక మనిషిని పెడితే చాలదా?

అలిపిరి_మెట్లు:
తిరుపతిలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి (పేరు వద్దు) ఓపీ స్లాట్లు, రిపోర్టులు ఆన్‌లైన్‌లో పెట్టింది. నాకు చూపు లేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ వాడతాను, తెర మీదున్నది చదివి వినిపించేవి అవి. ఆ సైటు తెరిస్తే పేరు దగ్గర "ఎడిట్" అని వినిపిస్తుంది. వయసు దగ్గరా "ఎడిట్", ఫోన్ నంబర్ దగ్గరా "ఎడిట్". ఏ గడిలో ఏం రాయాలో చెప్పదు. క్యాలెండర్‌లో తేదీ ఎంచుకోవాలంటే మౌస్ ఉండాల్సిందే, కీబోర్డుతో కుదరదు. ఖాళీ స్లాటు పచ్చగా, నిండిపోయింది ఎర్రగా ఉంటుందట. రంగు తప్ప వేరే గుర్తు లేదు. ఇవన్నీ దాటినా చివర్లో బొమ్మ క్యాప్చా, అంటే వాడేది మనిషో యంత్రమో తేల్చే బొమ్మ పరీక్ష. వినే క్యాప్చా పెట్టలేదు. దీన్ని సరిచేయమని గట్టిగా అడుగుదామనుకుంటున్నాను. మీరేమంటారు?

కుప్పం_కోడర్:
మిగతావన్నీ అడగండి అక్కా, క్యాప్చా జోలికి మాత్రం వెళ్ళొద్దు. దర్శనం టికెట్ల దళారులను చూసిన ఊరు మనది. క్యాప్చా తీసేస్తే స్లాట్లు తెరిచిన నిమిషంలో బాట్లు, అంటే వాటంతటవే బుక్ చేసేసే ప్రోగ్రాములు, ఊడ్చేస్తాయి. నేను వెబ్‌సైట్లు చేసి బతికేవాణ్ణి, తెలిసే చెబుతున్నా.

చంద్రగిరి_కోట:
అక్కా, ఒక మాట. సైటుకు పెట్టే డబ్బుతో కౌంటర్ దగ్గర ఒక మనిషిని పెట్టొచ్చు. చూపులేని వాళ్ళు వస్తే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చీటీ రాయిస్తాడు. మా అమ్మకు షుగర్. తెల్లారి వెళ్ళి లైన్లో నిలబడితే కళ్ళు తిరిగి పడిపోయింది. అక్కడ కుర్చీ లేదు, మంచినీళ్ళు లేవు. ముందు అవి అడగండి.

పలమనేరు_పాలు:
సదరం (వికలాంగుల సర్టిఫికెట్) స్లాట్ కోసం సచివాలయం చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాం. ఇదీ అంతే.

కాణిపాకం_కబురు:
కోట అన్నా, నాకు వినపడదు. మీ కౌంటర్ మనిషి మాస్కు వేసుకుంటే పెదాలు కూడా కనబడవు. సైటులో ఏ ఇబ్బంది వచ్చినా "హెల్ప్‌లైన్‌కు కాల్ చేయండి" అని ఉంటుంది. కాల్ చేసి నేనేం వినాలి?

కుప్పం_కోడర్:
క్యాప్చా గురించి ఎవరూ జవాబివ్వలేదు.

అలిపిరి_మెట్లు:
ఓటీపీ అడుగుతున్నారు కదా తమ్ముడూ, దాని మీద మళ్ళీ క్యాప్చా ఎందుకు?

కుప్పం_కోడర్:
సిమ్ములు గుత్తులుగా పెట్టుకునే దళారులుంటారక్కా. ఓటీపీ ఒక్కటే చాలదు.

శ్రీకాళహస్తి_లా:
ఇది దయతో ఇచ్చేదో ఇవ్వకపోయేదో కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, రూల్సు 2017లో వచ్చాయి. సేవలందించే వాళ్ళు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, రెండేళ్ళలో వాటి ప్రకారం మారాలని 46వ సెక్షన్ చెబుతోంది. అంటే 2019కే గడువు దాటింది. ప్రభుత్వ సైట్లకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఇవి సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి ప్రమాణాలు పెట్టండని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న, ఆన్‌లైన్ కేవైసీలో కెమెరా ముందు కళ్ళు ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ బాధితులు, చూపులేని ఒకరు వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది.

చంద్రగిరి_కోట:
సెక్షన్లు సరే సామీ, మా అమ్మ పడిపోయిన రోజు లేపడానికి ఏ సెక్షనూ రాలేదు, పక్కనున్న మనుషులే లేపారు. సాయం చేస్తామంటే వద్దంటారు, మనిషిని పెడదామంటే అదీ వద్దంటారు. ఒకరి చెయ్యి పట్టుకుంటే ఏం పోతుంది? ఇంత పంతం దేనికో నాకు అర్థం కావడం లేదు.

అలిపిరి_మెట్లు:
పంతం అన్నారు కాబట్టి చెబుతాను. చెప్పకూడదనుకున్న సంగతి ఇది.

గర్భసంచి స్కాన్ రిపోర్టు ఆ సైటులోనే పెట్టారు. కాగితాన్ని ఫొటో తీసినట్టు స్కాన్ చేసిన పీడీఎఫ్. అందులో అక్షరాలు లేవు, బొమ్మే ఉంది. ఎన్‌వీడీఏకు అది ఖాళీ పేజీ. నెట్ సెంటర్‌కు వెళ్ళి చదవమన్నాను. ఆ అబ్బాయి మంచివాడే, సాయమే చేశాడు. ప్రింటౌట్ల కోసం నిలబడ్డ వాళ్ళందరి ముందు, నాకు బాగా వినబడాలని గట్టిగా, ఒక్కో ముక్క చదివాడు. సాయంత్రానికి మా వీధిలో ఒకావిడ నా ఆపరేషన్ ఎప్పుడని అడిగింది. మా ఆయనకు ఇంకా చెప్పనే లేదు.

మీరు చెప్పే కౌంటర్ మనిషి కూడా అలాగే చదువుతాడు. డాక్టరు రాసింది మీరు మీ ఫోన్‌లో ఒంటరిగా చదువుకుంటారు. నేను మాత్రం ఊరందరితో కలిసి వినాలా?

పలమనేరు_పాలు:
అయ్యో అక్కా.

చంద్రగిరి_కోట:
ఆ అబ్బాయి చేసింది తప్పే. కానీ ఇంట్లో వాళ్ళు చదివితే ఏం ఇబ్బంది? మా అమ్మ రిపోర్టులన్నీ నేనే చదువుతాను. ఆమెకు భయమేసే మాటలుంటే చెప్పను కూడా.

అలిపిరి_మెట్లు:
ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో మీరు తేల్చేస్తున్నారు. అలా చేయమని అమ్మగారు అడిగారా?

చంద్రగిరి_కోట:
అమ్మను చూసుకోవడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మనిషి సాయం ఉండి తీరాలి, నా మాట అదే. కుర్చీల సంగతి కూడా ఎవరూ పట్టించుకోలేదు.

కాణిపాకం_కబురు:
కుర్చీలు కావాలన్నా, కాదనేదెవరు? సైటు పనిచేస్తే తెల్లారి ఆ లైన్లో నిలబడే అవసరం చాలామందికి ఉండదు.

కుప్పం_కోడర్:
అక్కా, గడులకు పేర్లు తగిలించడం పెద్ద పనేం కాదు, కోడ్‌లో ఒక్కో గడికి ఒక్కో లైను. స్లాటు మీద రంగుతో పాటు "ఖాళీ", "నిండింది" అని రాస్తే సరిపోతుంది. క్యాలెండర్ బదులు తేదీ టైప్ చేసే గడి పెట్టొచ్చు. రిపోర్టు కంప్యూటర్‌లో టైపు చేసిందే అయ్యుంటుంది. ప్రింటు తీసి మళ్ళీ స్కాన్ చేయకుండా నేరుగా పీడీఎఫ్ చేస్తే మీ ఎన్‌వీడీఏ చదువుతుంది. దీనికి ఖర్చు లేదు. క్యాప్చా మాత్రం ఉండాలి.

శ్రీకాళహస్తి_లా:
సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. డ్రాఫ్ట్ నేను రాస్తాను. కోడర్ చెప్పినవన్నీ పెడతాను, వినపడని వాళ్ళకు హెల్ప్‌లైన్ బదులు మెసేజ్ పంపే వీలు కూడా.

అలిపిరి_మెట్లు:
రాయండన్నా. రిపోర్టుల సంగతి మొదటి పేరాలో పెట్టండి. క్యాప్చా తీసేయమని రాయొద్దు, వినేది కూడా పెట్టమనండి. కుర్చీలు, మంచినీళ్ళు కూడా చేర్చండి. డ్రాఫ్ట్ ఫొటో తీసి పెట్టకుండా ఇక్కడే టైపు చేసి పెట్టండి, చదివి సంతకం చేస్తాను.

కుప్పం_కోడర్:
వినే క్యాప్చాను కూడా బాట్లు దాటుతాయి. ముందే చెబుతున్నా.