ఇండోనేషియా బడుల్లో ఇంగ్లిష్: సొంత భాషకు నిజంగా ముప్పేనా?

మురళి_జకార్తా: ఇక్కడ 2027-28 నుంచి ప్రాథమిక బడుల్లో 3వ తరగతి నుంచే ఇంగ్లిష్ తప్పనిసరి అంటున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో ఇండోనేషియా పిల్లలు లిఫ్టులో ఒకరితో ఒకరు ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకుంటారు, అదీ యూట్యూబ్ యాసలో. పనమ్మాయి వాళ్ల జాతీయ భాష ఇండోనేషియన్‌లో అడిగితే జవాబు ఇంగ్లిష్‌లో చెబుతారు. ఇక బడి కూడా తోడైతే ఆ భాష గతేంటి? నేనైతే వద్దంటాను.

శైలజ: మురళి గారూ, మీ అపార్ట్‌మెంటే ఇండోనేషియా కాదండీ. దక్షిణ జకార్తా డబ్బున్నవాళ్ల పిల్లలు ఇంగ్లిష్ కలిపి మాట్లాడే సంకర భాషను అక్కడివాళ్లే ఆటపట్టిస్తారు. 1928 అక్టోబర్ 28న యువకులు ప్రతిజ్ఞ చేసి ఇండోనేషియన్‌ను దేశాన్ని కలిపే భాష అన్నప్పుడు, ఇంట్లో ఇది మాట్లాడేవాళ్లు కొద్దిమందే. జావా భాష వాళ్లే ఎక్కువ. అలాంటిది ఇవాళ దేశమంతా పాకింది. 2023లో యునెస్కో సర్వసభ్య సమావేశం తన అధికార భాషల్లో చేర్చుకుంది. ఒక్క సబ్జెక్టుకే కూలిపోతుందా?

వెంకట్: సబ్జెక్టు వేరు, మీడియం వేరు. కొన్ని ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్‌లో పాఠాలు చెప్పే 'అంతర్జాతీయ స్థాయి' పథకాన్ని 2013 జనవరిలో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఇంగ్లిష్ బోధనతో జాతీయ గుర్తింపు పలచబడుతుందన్నది ఒక కారణం, ఉన్నోళ్లకో బడి లేనోళ్లకో బడి అన్నది ఇంకోటి. 2020 ఏప్రిల్‌లో ఏపీ హైకోర్టు ఇంగ్లిష్ మీడియం జీవోలు కొట్టేసినప్పుడు మన దగ్గరా ఇదే రభస.

శైలజ: అసలు బాధ చదవడం దగ్గరుంది. చాలా దేశాల పిల్లల చదువును పోల్చే 2022 పీసా పరీక్షలో ఇండోనేషియా 15 ఏళ్ల పిల్లలకు చదివి అర్థం చేసుకోవడంలో వచ్చింది 359, ఎక్కువగా సంపన్న దేశాలుండే ఓఈసీడీ కూటమి సగటు 476. ఆ పరీక్ష రాసింది సొంత జాతీయ భాషలోనే! ఇంగ్లిష్ ఆపేస్తే ఈ మార్కులు పెరుగుతాయా? ఊరి బళ్లలో కథల పుస్తకాలు పెట్టండి ముందు.

రజిత: మీరందరూ పెద్ద చేప ఇండోనేషియన్ గురించే దిగులు పడుతున్నారు. 700కు పైగా స్థానిక భాషలున్న దేశం అది. జావా భాషలో పెద్దలతో ఒక తీరు, తోటివాళ్లతో ఒక తీరు మాట్లాడాలి. పిల్లలు తప్పు మాటంటే అమర్యాద అవుతుందని చాలా ఇళ్లలో తల్లిదండ్రులే ఇండోనేషియన్‌లోకి మారిపోయారు. ఆ భాషను మింగుతున్నది ఇంగ్లిష్ కాదు.

మురళి_జకార్తా: అది ఒప్పుకుంటా రజిత గారూ, కానీ దీంతో నా ప్రశ్న పోదు. ఇంటర్నేషనల్ స్కూళ్లలో కూడా ఇక్కడి పౌరుల పిల్లలకు ఇండోనేషియన్ నేర్పాలన్న రూలు ఉంది. మా పక్క ఫ్లాట్ వాళ్లు ఆ సబ్జెక్టు పాసవడానికి పిల్లాడికి ట్యూషన్ పెట్టించారు. తల్లీతండ్రీ ఇద్దరూ ఇండోనేషియా వాళ్లే!