స్లీవ్ చేయించుకుని నాలుగేళ్ళయింది, బరువు ఆగిపోయింది. బైపాస్‌గా మార్పించుకోవచ్చా?

కవిటి కొబ్బరితోట:
అందరికీ నమస్కారం. మాది ఉద్దానం. నా వయసు 39 సంవత్సరాలు, ఎత్తు 160 సెంటీమీటర్లు. 2021 నవంబరులో విశాఖపట్నంలో బరువు తగ్గేందుకు పొట్టను చిన్నది చేసే స్లీవ్ శస్త్రచికిత్స చేయించుకున్న రోజున 118 కిలోలు ఉన్నాను. పద్నాలుగు నెలలలో 84కు దిగాను. ఆపైన ఏమి చేసినా ముల్లు కిందికి కదలలేదు, ఇప్పుడు 91 చూపిస్తోంది. గత నెల చూపించుకోవడానికి వెళితే, స్లీవ్‌ను బైపాస్‌గా, అంటే పొట్టను ఇంకా చిన్నది చేసి పేగు కింది భాగానికి కలిపేలా, మార్చితే మళ్ళీ తగ్గుతారని, సంక్రాంతి లోపు చేరితే ఖర్చులో కొంత తగ్గిస్తామని చెప్పారు. పరీక్షలేమీ రాయలేదు. మొన్న మా అత్తగారు చుట్టాలందరి ముందు "అంత డబ్బు పోసి కోయించుకున్నా ఒళ్ళు తగ్గనేదేటమ్మా" అన్నారు. అప్పుడు నా చేతిలో చోడి అంబలి గ్లాసు ఉంది. దానిని తాగలేక, కింద పెట్టలేక, అలాగే పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. చేయించుకోమంటారా, వద్దంటారా?

నాగావళి గట్టు:
అమ్మా, ముందు ఒక మాట సరిచేయాలి. మీ బరువు ఆగిపోలేదు, తిరిగి పెరిగింది. ఈ రెండూ వేరు. స్లీవ్ తరువాత ఏడాది, ఏడాదిన్నర వరకు బరువు తగ్గి ఒకచోట నిలవడం సహజం, దానిని ఎవరూ వైఫల్యం అనరు. నిలిచిన తరువాత ఏడు కిలోలు ఎక్కడం మాత్రం కారణం వెతకవలసిన విషయం. ముప్పై ఏళ్ళు మందుల దుకాణం నడిపినవాడిని కనుక లెక్క వేసి చెబుతున్నాను. మీ ఎత్తుకు బీఎంఐ (ఎత్తును బట్టి వేసే బరువు లెక్క) 25 అంటే 64 కిలోలు. ఆ లెక్కన మీకు అదనంగా ఉన్నది 54 కిలోలు, అందులో సగం, అంటే 27 కిలోలు, నాలుగేళ్ళ తరువాత కూడా తిరిగి రాలేదు. దీనిని చెడిపోయిన శస్త్రచికిత్స అనకూడదు. పైగా రెండవ కోత మొదటిదానివంటిది కాదు. లోపల పాత కోతల దగ్గర అతుకులు పడి ఉంటాయి, లీకు, రక్తస్రావం వంటి ముప్పు మొదటిసారికంటే ఎక్కువ, తగ్గే బరువు మాత్రం సాధారణంగా మొదటిసారికంటే తక్కువ. నోరు కట్టుకోలేని మనిషికి పొట్ట ఎన్నిసార్లు కోసినా ఫలితం ఒకటే.

గంటస్తంభం దగ్గర:
చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నాకు 2018లో స్లీవ్, 2022లో బైపాస్ అయ్యాయి, విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటూ ఆరోగ్యంగా ఉన్నాను. మొదటి శస్త్రచికిత్స తరువాత మూడేళ్ళపాటు ప్రతి డాక్టరూ, ప్రతి చుట్టమూ నేను దొంగచాటుగా తింటున్నానన్నారు. చివరికి ఒకరు బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే, పొట్ట పైభాగం తొలగించవలసినంత తొలగించలేదని తేలింది. స్లీవ్‌లో నూటికి 75 నుంచి 80 వంతుల పొట్టను తీసివేసి అరటిపండు ఆకారంలో గొట్టం మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ పైభాగంలోనే. అది మిగిలిపోతే మనిషి ఎంత నోరు కట్టుకున్నా ఏమి లాభం? ఆగిపోయిందా, పెరిగిందా అనే మాటల తేడాతో ఆమెకు పని లేదు.

పలాస జీడితోట:
ఒక చిన్న అనుభవం. మా ఇంట్లో జీడిపప్పు బద్దలు ఎప్పుడూ డబ్బాలో ఉంటాయి. స్లీవ్ తరువాత అన్నం నాలుగు ముద్దలకే ఆగిపోయేది, కానీ పని చేసుకుంటూ గుప్పెడేసి బద్దలు నమిలితే పొట్ట అడ్డు చెప్పలేదు. వంద గ్రాములలో సుమారు 550 కేలరీలు ఉంటాయని నాకు తరువాత తెలిసింది. డబ్బా అటక ఎక్కించాక నాకు నాలుగు కిలోలు తగ్గింది.

నాగావళి గట్టు:
నేను చెప్పేది సరిగ్గా ఇదే. స్లీవ్ పళ్ళెం నిండా అన్నాన్ని ఆపగలదు కానీ బిస్కెట్టును, పంచదార టీని, జీడిపప్పును ఆపలేదు. గంటస్తంభం గారూ, మాటల తేడాతో పని లేదనడం పొరపాటు. ఆగిపోయినప్పుడు ఓపిక పట్టమంటారు, పెరిగినప్పుడు తిండి, థైరాయిడ్, వాడుతున్న మందులు, పొట్ట నిర్మాణం వరుసగా చూస్తారు. పేరు తప్పు పెడితే వైద్యం తప్పుతుంది.

టెక్కలి నుంచి:
బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఎవరూ అనలేదు. అటువంటి టిర్జెపటైడ్ 2025 మార్చిలోనే మన దేశంలో అమ్మకానికి వచ్చింది. రెండవ కోతకు ముందు దాని గురించి డాక్టరును అడగండి. మానేస్తే బరువు తిరిగి వస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి.

గంటస్తంభం దగ్గర:
నాగావళి గారూ, మీరు వరుసలో పొట్ట నిర్మాణాన్ని చివర పెట్టి, తిండిని ముందు పెట్టారు. నా మూడేళ్ళు పోయింది సరిగ్గా ఆ వరుస వల్లనే. జీడిపప్పు తిన్న ఒక్కరి మాట మీకు సాక్ష్యంగా పనికివచ్చింది, ఎక్స్‌రేలో తేలిన నా మాట పనికిరాలేదు. ఊబకాయం రోగమని అందరూ ఒప్పుకుంటారు, కానీ రోగం తిరగబెట్టినప్పుడు మాత్రం రోగినే నిలదీస్తారు. బీపీ మళ్ళీ పెరిగితే మందు మారుస్తారు కదా, అప్పుడు నోరు కట్టుకోలేదని ఎవరినైనా ఇలా అవమానిస్తారా?

నాగావళి గట్టు:
మీరు బాగున్నారు కనుక అలా రాయగలుగుతున్నారు. మా చెల్లెలికి కూడా స్లీవ్‌ను బైపాస్‌గా మార్చారు. బైపాస్‌లో అన్నం పేగు మొదటి భాగాన్ని తప్పించుకుని వెళుతుంది, ఇనుము ఎక్కువగా ఒంటబట్టేది ఆ భాగంలోనే. బి12 ఒంటబట్టడం కూడా తగ్గుతుంది. ఇనుము, బి12, కాల్షియం, విటమిన్ డి బ్రతికినంతకాలం వాడాలని, ఏటా రక్తపరీక్ష చేయించాలని ఆమెకు ఒక్కరూ గట్టిగా చెప్పలేదు. రెండేళ్ళు తిరిగేసరికి పాదాలు మొద్దుబారాయి, మెట్లు ఎక్కితే ఆయాసం. రథసప్తమి నాడు అరసవల్లి వరుసలో నిలబడి ఉండగా నా కళ్ళముందే కూలిపోయింది. పక్కనున్నవారు ఆమె ముఖం మీద నీళ్ళు చల్లుతుంటే నేను చెప్పులు పట్టుకుని నిలబడిపోయాను. హిమోగ్లోబిన్ ఆరు ఉంది. మీ విజయగాథ చదివి ఈ అమ్మాయి కూడా అదే దారి పట్టాలా?

గంటస్తంభం దగ్గర:
మీ చెల్లెలి బాధ విని నా మనసు కలుక్కుమంది. కానీ అది మాత్రలు ఇవ్వనివారి తప్పు, తరువాత పట్టించుకోనివారి తప్పు. నేను ప్రతి ఆరు నెలలకు రక్తపరీక్ష చేయించుకుంటున్నాను, ఇనుము ఒకసారి, కాల్షియం మరోసారి వేళలు మార్చి వేసుకుంటున్నాను. ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోవద్దు. ఆమె ఏ పరీక్షల మీద రెండవ శస్త్రచికిత్సకు ఒప్పుకున్నారు?

బొబ్బిలి వీణ:
ఇద్దరూ అనుభవం ఉన్నవారే, దయచేసి కవిటి గారిని మాట్లాడనివ్వండి.

నాగావళి గట్టు:
అడిగారు కనుక చెబుతాను. పరీక్షలేవీ జరగలేదు. మళ్ళీ బరువు పెరుగుతున్నప్పుడు నేనే ఆమెతో, నోరు కట్టుకోలేనిదానివి అంత డబ్బు ఎందుకు తగలేశావని అన్నాను. పైన ఈ అమ్మాయికి రాసింది కూడా అదే మాట. ఆమె నాతో నెల రోజులు మాట్లాడలేదు, ఆ నెలలోనే వెళ్ళి చేయించుకుంది. నాకు బైపాస్ మీద కోపం ఉందనుకున్నాను. గంటస్తంభం గారు అడిగిన తరువాత రాత్రంతా ఆలోచించాను. కవిటి అమ్మా, ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అయినా పరీక్షలు లేకుండా, పండుగ తగ్గింపు చూసి కోతకు వెళ్ళవద్దన్న మాట మీద మాత్రం నిలబడే ఉన్నాను.

కవిటి కొబ్బరితోట:
అన్నీ రెండుసార్లు చదివాను. నేను మొదట రాయనిది ఒకటి ఉంది. ఏడాదిగా రాత్రిళ్ళు గుండెల్లో మంట, గొంతులోకి పులుపు. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని పడుకుంటున్నాను, మందుల దుకాణంలో అడిగి గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. ఘనాహారం దిగక, మెత్తనివే తింటున్నాను, అందులో బిస్కెట్లు, అంబలి ఎక్కువ. మోకాళ్ళకు నొప్పి మాత్రలు కూడా వాడుతున్నాను. మా నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు.

గంటస్తంభం దగ్గర:
అమ్మా, ఇది ముందే చెప్పి ఉంటే మా వాదన సగం ఉండేది కాదు. స్లీవ్ గొట్టంలో ఒత్తిడి ఎక్కువ కనుక కొందరిలో ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. దిగక మెత్తనివి తినడం, మెత్తనివాటితో బరువు పెరగడం ఒకే గొలుసు. ముందు ఎండోస్కోపీ, బేరియం పరీక్ష చేయించండి. గొట్టం సన్నబడిందా, పొట్ట పైభాగం ఛాతీలోకి జారే హెర్నియా ఉందా, అన్నవాహిక పుండు పడిందా తేలాలి. మంట తీవ్రంగా ఉండి మందులకు లొంగకపోతే బైపాస్‌కు మారడం బరువు కోసం కాదు, మంట కోసం. అప్పుడు కూడా అది పేగును రెండుచోట్ల కలిపే మామూలు రూ-ఎన్-వై బైపాసా, ఒకేచోట కలిపే మినీ బైపాసా అని అడగండి, రెండవదానిలో పైత్యం పైకి ఎగదన్నే అవకాశం ఉంటుంది.

నాగావళి గట్టు:
ఎండోస్కోపీకి నేను పూర్తిగా ఒప్పుకుంటాను, బైపాస్‌కు ఇంకా ఒప్పుకోలేను. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనిషి, తండ్రికి డయాలసిస్, పైగా నొప్పి మాత్రలు. ఆ మాత్రలు మూత్రపిండాలకు చేటు, బైపాస్ అయ్యాక వాడితే పొట్టను కలిపిన చోట పుండు పడవచ్చు, కనుక ఈ రోజే ఆపి డాక్టరును వేరే మందు అడగండి. ఇంకొకటి. బైపాస్ తరువాత సరిగ్గా ఒంటబట్టని కొవ్వు పేగులో కాల్షియాన్ని పట్టేస్తుంది, దానితో కాల్షియం పట్టి ఉంచవలసిన ఆక్సలేట్ (తిండిలోని ఒక పదార్థం) రక్తంలోకి ఎక్కువగా చేరి మూత్రపిండాలలో రాళ్ళు పడవచ్చు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ప్రొటీన్ చూపించకుండా ఎవరి మాటా వినవద్దు. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే.

గంటస్తంభం దగ్గర:
మూత్రపిండాల సంగతి నాకు తట్టలేదు. ఆ పరీక్ష ముందు చేయించండి. ఫలితం బాగుంటే బైపాస్ తలుపు మాత్రం మూయవద్దు.

కవిటి కొబ్బరితోట:
సోమవారం పలాస వెళ్ళి క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయిస్తాను. ఎండోస్కోపీకి ఆ తరువాతి వారం విశాఖపట్నంలో వేరే ఆసుపత్రిలో సమయం తీసుకున్నాను. సంక్రాంతికి చేరడం లేదని పాత ఆసుపత్రికి ఫోను చేసి చెప్పేశాను. నాగావళి గారూ, మీ చెల్లెలు గారు ఒప్పుకుంటే ఆమెతో ఒకసారి మాట్లాడాలని ఉంది.