డ్రిల్లు గోడకా, పెట్టెలోకా? బ్యాటరీ మిషన్లు మీరెట్లా సర్దుకుంటున్నారు?

బాల్కనీ మేస్త్రి (హన్మకొండ)
అందరికీ నమస్తే. నా దగ్గర ఒక బ్యాటరీ డ్రిల్లు, ఒక ఇంపాక్ట్ డ్రైవర్ (స్క్రూలు బిగించేది), నాలుగంగుళాల గ్రైండర్, దుమ్ము ఊదే బ్లోయర్ ఉన్నాయి. అన్నీ 18 వోల్టులవే, ఒకే కంపెనీవి. బ్యాటరీలు నాలుగు: 2 ఆంపియర్ అవర్‌వి (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క) రెండు, 5వి రెండు. ఛార్జర్లు రెండు. ఇన్నాళ్లూ వీటన్నిటికీ కలిపి ఒకటే బియ్యం సంచి.

మొన్న పరకాల దగ్గర మా ఊరికి బైకు మీద పోతుంటే సంచిలోంచి గుర్రుమని చప్పుడు. ఆపి చూస్తే ఇంపాక్ట్ డ్రైవర్ దానంతటదే తిరుగుతోంది. ట్రిగ్గర్ మీద ఛార్జర్ ఒరిగింది. మార్చుకోవడానికి పెట్టుకున్న అంగీ చెయ్యి బిట్టుకు తాడులా చుట్టుకుపోయింది. ఆ రోజే అనుకున్నా, ఇగ ఈ సంచి పద్ధతి వద్దని.

ఆలోచన ఒకటి: బాల్కనీ గోడకు 18 ఎంఎం ప్లైవుడ్ బోర్డు. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కలు కోసి, పిడి దిగేంత సందు చేసి బోర్డుకు బిగిస్తే మిషన్లు పిస్తోళ్లలా వేలాడతాయి. ఆలోచన రెండు: చక్రాల పెట్టె. ఇంట్లో పని ఎప్పుడో ఒకప్పుడు. ఊరికి మాత్రం రెండు వారాలకోసారి తీసుకుపోవాలి. ఏది మేలు?

పేచ్‌కస్ (జగిత్యాల)
పెట్టె. ఇంకో మాట లేదు.

నాది వడ్ల పని, అంటే వడ్రంగం. 11 ఏళ్లు గల్ఫ్‌లో చేసి వచ్చిన. అక్కడ సాయంత్రం ఫోర్‌మన్ వచ్చి పెట్టె మూత తెరవమనేవాడు. ఏ వస్తువు పడుకునే గుంత దానికే కోసి ఉంటుంది. గుంత ఖాళీగా ఉంటే వస్తువు పోయినట్టే, చూడగానే తెలుస్తుంది. యోగా చాప ఒకటి కొని, మిషను దాని మీద పెట్టి పెన్సిల్‌తో గీసి, కటర్‌తో కోయి. రెండు పొరలు వేస్తే బాగా కూర్చుంటుంది.

ప్రయాణంలో బ్యాటరీ తీసెయ్యాలి. ముందుకు వెనక్కు తిప్పే మీట ఉంటుంది కదా, దాన్ని నడిమిట్ల పెడితే ట్రిగ్గర్ లాక్ అవుతుంది. బ్యాటరీ తీయడానికి బద్ధకమైనా కనీసం ఆ పని చెయ్యి తమ్మీ. బ్యాటరీలకు వేరే సంచి, ఒక్కోదానికి ప్లాస్టిక్ మూత. మూత పోతే రాగి పట్టీల మీద టేప్ అంటించు. అదే సంచిలో స్క్రూలు పోస్తే మాత్రం నేనేం చెప్పలేను.

ఈ బ్యాటరీల పాఠం నాకు ఊరికే రాలేదు. ఇంటికి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో నా సూట్‌కేసు పక్కకు లాగి, రెండు 5 ఆంపియర్ బ్యాటరీలు తీసేసుకున్నారు. నెల జీతంలో మంచి ముక్క పోయింది.

లెక్కల సారు (హన్మకొండ)
పేచ్‌కస్ గారూ, మీ బ్యాటరీ ఎన్ని వోల్టులది?

పేచ్‌కస్
20 అని ఉంది సార్ దాని మీద.

లెక్కల సారు
అక్కడే పొరపాటు జరుగుతుంది. ఆ డబ్బాలో లిథియం సెల్లులు ఐదు వరుసగా ఉంటాయి. ఒక్కోటి 3.6 వోల్టులు, మొత్తం 18. నిండా ఛార్జ్ చేస్తే ఒక్కోటి 4.2కు పోతుంది. 20 అనేది లోడు లేనప్పటి అంకె, అమ్మకం కోసం పెద్దగా అచ్చేస్తారు. 18 అన్నదీ 20 అన్నదీ ఒకటే బ్యాటరీ. కాబట్టి మీది 18 ఇంటూ 5, అంటే 90 వాట్ అవర్. విమానంలో 100 వాట్ అవర్ లోపు బ్యాటరీని చేతి సంచిలో తీసుకుపోవచ్చు. 100 నుంచి 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. మీరు ఈ లెక్క చూపించి ఉంటే వాళ్లు ఇచ్చేసేవారు.

పేచ్‌కస్
సూట్‌కేసులో ఉన్నాయన్నా కదా సార్.

లెక్కల సారు
అయితే తప్పు మీదే. విడి బ్యాటరీలు లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే పెట్టాలి. డ్రిల్లు దానికి ఉల్టా. అది చేతి సంచిలో నడవదు, లగేజీలో వేయాలి. అయినా 20 అని నమ్మితే 20 ఇంటూ 5 వంద అవుతుంది, హద్దు మీద కూర్చుంటుంది. అందుకే వోల్టుల సంగతి ముందు అడిగాను.

పేచ్‌కస్
తప్పు నాదే సార్. మాకెవరు చెప్పారు? క్యాంపులో 40 మందిమి ఉండేది, అందరం సూట్‌కేసులోనే వేసేది.

కొత్తింటి కోడలు (కరీంనగర్)
గోడ వద్దు, పెట్టె వద్దు. మా ఇంట్లో డ్రిల్లు అత్తమ్మ చీరల బీరువాలో ఉంటుంది. ఎవరూ అడగరు.

ఖని బిడ్డ (గోదావరిఖని)
మీరు 18, 20 అని కొట్టుకుంటున్నారు, అసలు ఎండ సంగతి ఎవరూ మాట్లాడరేంది? మా దిక్కు మే నెలలో 44, 45 మామూలు. రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఇనుప పెట్టె ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. లిథియం బ్యాటరీకి సగం ఛార్జ్, చల్లని జాగా ఉండాలి. నెలల తరబడి వాడకుంటే బ్యాటరీ మీద ఛార్జ్ చూపే నాలుగు చుక్కల్లో రెండు వెలిగేలా ఉంచి, ఇంట్లో లోపలి గదిలో పెట్టాలి. నిండా ఛార్జ్ చేసి కారు డిక్కీలో వదిలేస్తే తొందరగా ముసలిదవుతుంది.

ఇంకోటి, గ్రైండర్ వాడి వాడి బ్యాటరీ పొయ్యిలా ఉన్నప్పుడు వెంటనే ఛార్జర్‌లో గుచ్చొద్దు. చాలా బ్యాటరీలకు ఛార్జింగ్ హద్దు 40 డిగ్రీలే. మంచి ఛార్జరైతే లైటు కొడుతూ చల్లబడేదాకా ఆగుతుంది, అగ్గువది ఆగదు. కాబట్టి బాల్కనీ బోర్డు పడమరకు ఉంటే వద్దన్నా, నీడ ఉంటే పెట్టు.

బాల్కనీ మేస్త్రి
పడమరే అన్నా 😐

హంటర్ రోడ్డు బాధితుడు
2023 జూలై వానలకు వరంగల్‌లో మా కింది గదిలోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. మిషన్ల పెట్టె మంచం కింద ఉంది. నీళ్లు తీశాక మూత తెరిస్తే లోపల బురద టీ లాగా ఉంది. డ్రిల్లు ఎండబెడితే నడిచింది. బ్యాటరీలు మాత్రం ఛార్జ్ పెట్టొద్దని రిపేరు అబ్బాయి అన్నాడు, లోపలికి నీళ్లు పోయిన లిథియం బ్యాటరీ తర్వాతైనా అంటుకోవచ్చట. పారేశాను. నా ఓటు గోడకే, అదీ తల ఎత్తుకు పైన.

పేచ్‌కస్
అదే పెట్టె మంచం మీద ఉంటే ఒక్క చేత్తో మేడ మీదికి తీసుకుపోయేవాడివి కదన్నా. బోర్డు మీదివైతే ఒక్కొక్కటి పీకుతూ కూర్చోవాలి, నీళ్లు ఆగుతాయా?

హంటర్ రోడ్డు బాధితుడు
తెల్లారేసరికి నీళ్లు మంచం మీదికొచ్చాయి. మేము పిల్లలనెత్తుకుని పోయాం, పెట్టె ఎవరికి గుర్తుంటుంది?

లెక్కల సారు
నేను గోడ పక్షమే. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలో బోర్డు పెట్టించాను. 12 ఫ్లాట్లు, ఒక డ్రిల్లు, ఒక నిచ్చెన, ఒక పానాల సెట్టు. బోర్డు మీద ప్రతి వస్తువు ఆకారం నల్ల పెయింటుతో గీశాం. పక్కనే నోటు పుస్తకం. ఎవరు తీసుకున్నా ఫ్లాటు నంబరు రాయాలి. మూడేళ్లలో పోయింది ఒక 6 ఎంఎం బిట్టు మాత్రమే. ఇంటింటికీ డ్రిల్లు కొనడం దండగ. ఏడాదికి పది నిమిషాలు తిరుగుతుందా ఒక్కొక్కరిది?

పేచ్‌కస్
అందరి చెయ్యి పడే మిషను ఎట్లుంటుందో నాకు తెలుసు. చక్‌లో, అంటే బిట్టును పట్టుకునే మూతిలో, బిట్టు వంకరగా బిగించి, గోడకు రొమ్ము ఆనించి తోస్తారు. సుత్తె గుర్తు (గోడను కొడుతూ తొలిచే పద్ధతి) మీద పెట్టి చెక్కకు రంధ్రం వేస్తారు. మూడేళ్లకు బిట్టు ఒక్కటే పోయిందా సార్? చక్ ఊగుతుందో లేదో చూశారా ఎప్పుడైనా?

లెక్కల సారు
ఊగదు. ఆ మధ్య నేనే చూశాను.

పేచ్‌కస్
ఆ మధ్య అంటే?

లెక్కల సారు
మీ వాళ్లతో ఇదే బాధ. సరే, చెప్తాను వినండి. నాలుగేళ్ల కింద మా ఇంట్లో కర్టెన్ రాడ్డు కోసం నాలుగు రంధ్రాలు కావలసి వచ్చింది. కింది ఫ్లాట్‌లో వడ్రంగి పని జరుగుతోంది. పది నిమిషాలు డ్రిల్లు ఇవ్వు నాయనా అని అడిగాను. 'మిషన్ ఇయ్య సార్, నేనే వచ్చి వేస్త, ఐదువందలు' అన్నాడు. సరే రమ్మన్నాను. ఇవాళ రేపు అంటూ వారం తిప్పాడు. నాలుగు రంధ్రాలకు ఐదువందలు, వారం ఎదురుచూపు! ఆ కోపంతోనే ఆ బోర్డు మొదలుపెట్టాను. పనిముట్టును పెట్టెలో పెట్టి తాళం వేయడం అనేది దాచుకోవడం కాదు, దబాయించడం.

పేచ్‌కస్
ఇప్పుడు బయటపడ్డది. సార్, మీకు గోడ, పెట్టె కాదు కావలసింది. మా పెట్టెకు తాళం ఎందుకుందని మీ బాధ.

మా నాయనకు చెక్క నున్నగా చేసే చిత్రిక ఒకటి ఉండేది. దాని ఇనుము ఆయనే సాన పట్టుకునేవాడు. ఊళ్లో ఒకాయన దోస్తు కదా అని ఇంటి తలుపుకని తీసుకుపోయి, దొడ్డి గేటులో సీల ఉన్న చెక్క మీద తోశాడు. ఇనుముకు మూడు చోట్ల పన్ను ఊడింది. తెచ్చి ఇచ్చేటప్పుడు ఒక్క మాట అనలేదు. మా నాయన రెండు రోజులు సాన పట్టుకుంటూ కూర్చున్నాడు, ఆ రెండు రోజుల కూలి ఎవరిచ్చారు? దసరాకు మా ఇంట్ల మిషన్లకు పసుపు, బొట్టు పెట్టి దండ వేస్తాం. ఆ రోజు ఎవరూ ముట్టరు. మిగతా రోజులు నేను తప్ప ఎవరూ ముట్టొద్దు. అది దబాయింపు అయితే అట్లనే అనుకోండి.

ఐదువందలు రంధ్రాలకు కాదు సార్. మిషను, బిట్టు, పెట్రోలు, గోడలో కరెంటు వైరు ఎటు పోయిందో చూసే కన్ను, దానికి.

లెక్కల సారు
వైరు సంగతి నాకూ తెలుసు. స్విచ్‌బోర్డు నుంచి నేరుగా పైకి, పక్కకు పోతుంది, ఆ గీత మీద వేయకూడదు.

పేచ్‌కస్
ఎక్కువ ఇళ్లలో. అన్నిట్లో కాదు.

కొత్తింటి కోడలు
మేస్త్రి అన్నా, ఒక్కటి అడుగుతా. నువ్వు మొదట రాసినదాంట్లో రెండో ఛార్జర్ ఎందుకుంది? నాలుగు బ్యాటరీలకు ఒకటి చాలు కదా.

బాల్కనీ మేస్త్రి
😅 మొదటిది బామ్మర్ది దగ్గర మూడు నెలలు ఉండిపోయింది, రెండోది కొన్నా. కొన్నాక మొదటిది వచ్చింది.

అసలు సంగతి ఏందంటే, సంచిగా ఉన్నప్పుడు ఆయన సంచి సంచే తీసుకుపోతాడు. మా ఆవిడ ముందర నేను వద్దనలేను. వచ్చేటప్పుడు గ్రైండర్ ఉంటుంది, దాని పానా ఉండదు. అడిగితే 'గందులోనే పెట్టిన బావా' అంటాడు. సారు చెప్పినట్టు ఆకారం గీస్తే ఏది లేదో మా ఆవిడకు కూడా కనపడుతుంది కదా అని గోడ ఆలోచన. ఊరికి తీసుకుపోవడం రెండో కారణమే.

కొత్తింటి కోడలు
అందుకే అత్తమ్మ బీరువా అన్నా.

ఖని బిడ్డ
గ్రైండర్ మాట వచ్చింది కాబట్టి, ప్రయాణంలో డిస్క్ తీసేయండి. పక్కకు దెబ్బ తగిలితే కనపడని పగులు వస్తుంది, తిప్పినప్పుడు పగిలి ఎగురుతుంది. కోసే డిస్క్ మధ్య ఇనుప రింగు మీద నెల, ఏడాది అచ్చేసి ఉంటాయి, గడువు దాటితే వాడొద్దు. తేమ తగిలే చోట కూడా పెట్టొద్దు.

బ్యాటరీ పూర్తిగా అయ్యేదాకా వాడి పెట్టాలని పాత మెకానిక్‌లు చెప్తారు. అది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం మాట. లిథియంను సున్నాకు దింపి ఆరు నెలలు వదిలితే ఛార్జర్ ఇగ దాన్ని గుర్తుపట్టదు.

లెక్కల సారు
పేచ్‌కస్ గారూ, మీ నాన్నగారి చిత్రిక సంగతి చదివాక ఒక మాట. మా బోర్డు మీద చక్ చూసి వచ్చాను ఇప్పుడే. కొంచెం ఊగుతోంది.

పేచ్‌కస్
చక్ విప్పండి. దవడలు పూర్తిగా తెరిచి లోపల చూస్తే చిన్న స్క్రూ ఉంటుంది, అది ఉల్టా మర. కుడికి తిప్పితే వదులైతది. బిగించి చూడండి. అయినా ఊగితే చక్ మార్చాల్సిందే. కొత్త చక్ పెద్ద ఖర్చు కాదు, ఫ్లాటుకు ఇంత అని వసూలు చేయండి. సుత్తె గుర్తుకు ఎర్ర పెయింటు వేయండి, గోడకు మాత్రమే అని రాయండి.

తాళం సంగతిలో మాత్రం నా మాట అదే.

లెక్కల సారు
నా మాటా అదే. 18 వోల్టుల సంగతిలో కూడా.

బాల్కనీ మేస్త్రి (పది రోజుల తర్వాత)
బోర్డు అయింది. బాల్కనీలో కాదు, హాలు నుంచి వంటింటికి పోయే సందులో, ఎండ రాదు. మిషన్లు ఒట్టివే వేలాడుతున్నాయి. బ్యాటరీలు, ఛార్జర్లు మూతల డబ్బాలో పెట్టి లోపలి గదిలో ఉంచా, రెండు చుక్కల మీద. ఊరికి పోయేరోజు ఆ డబ్బా, కావలసిన మిషన్లు యోగా చాప పెట్టెలోకి.

నిన్న బామ్మర్ది వచ్చాడు. బోర్డు చూసి 'మస్తుంది బావా' అన్నాడు. డ్రిల్లు తీసి, బోర్డు పక్కన పెట్టిన పుస్తకంలో పేరు కూడా రాశాడు, పాపం. బ్యాటరీ అడగడం మరిచి పోయాడు. నేనూ గుర్తు చేయలేదు. ఇంకా ఫోను రాలేదు.