అప్‌డేట్: పాత బెంజ్‌లో ఆండ్రాయిడ్ స్క్రీన్, మొత్తానికి పాట పలికింది

కొత్తగా చూసేవాళ్లకి: మాది బరంపురం. మావయ్య దగ్గర తీసుకున్న 2007 ఈ-క్లాస్‌కి (డబ్ల్యూ211) ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టిస్తే బొమ్మ వచ్చింది గానీ సౌండ్ సున్నా. పైగా తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. అదీ నేనడిగింది.

సౌండ్ విషయం మీరన్నట్టే. ఈ బండిలో యాంప్లిఫయర్‌కి పాట రాగి తీగలో పోదు, మోస్ట్ అనే ఫైబర్ రింగులో వెలుతురుగా పోతుంది. పాత సెట్టు పీకితే రింగు తెగినట్టే. ఆ స్థానంలో, కొత్త స్క్రీన్ పాటని వెలుతురుగా మార్చి రింగులోకి పంపే డీకోడర్ బాక్స్ పెట్టాం. తాళం తిప్పి కేబుల్ కొస చూస్తే సన్నగా ఎర్రటి వెలుగు! అప్పుడు గానీ నా ప్రాణం కుదుటపడలేదు. ఫైబర్‌ని మాత్రం మడవకండి బాబూ, వంపు వ్యాసార్ధం 25 మి.మీ. కంటే తగ్గకూడదు. చోటు చాలక మా ఫిట్టర్ దాన్ని చుట్టచుట్టి జిప్ టై బిగించేశాడు, ఆ టైని దగ్గరుండి కోయించాను.

బ్యాటరీ డౌన్ అవడానికి కారణం స్క్రీన్ పసుపు, ఎర్ర తీగలు రెండూ కలిపేయడం. పసుపు దాంట్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ఎర్రదానికి తాళం తిప్పితేనే రావాలి. ఈ బండిలో తాళం తిప్పిన సిగ్నల్ క్యాన్ బస్ (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే లైను) మీద వస్తుంది కనక, ఎర్రది ఆ సందేశాలు చదివే క్యాన్ బాక్స్ నుంచి తీసుకున్నాం. స్టీరింగ్ బటన్లూ దాంతోనే పనిచేస్తున్నాయి.

ఎఫ్ఎం గురగురలాడుతుంటే యాంటెన్నా యాంప్లిఫయర్‌కి 12 వోల్టులు ఇచ్చాం, సర్దుకుంది. గోపాల్‌పూర్ దాకా పాటలతోనే వెళ్లొచ్చాం. రివర్స్ కెమెరా ఇంకా బిగించలేదు, డిక్కీ లైనింగ్ విప్పాలి.