పగటిపూట కనిపించిన ఈ చిన్న గుడ్లగూబ ఏది?

ప్రశ్న:
అడవి అంచున ఎండిన కొమ్మ మీద పొద్దున్నే కనిపించింది, సైజు మైనా అంత ఉంటుందేమో. గుండ్రటి తల, చెవుల్లాంటి కుచ్చులు లేవు, పసుపు కళ్ళు, ఒళ్ళంతా సన్నటి అడ్డచారలు. చిన్న పిట్టలన్నీ చుట్టూ చేరి ఒకటే గోల. స్పాటెడ్ ఔలెట్టేనా? పగలు బయట ఉందంటే దెబ్బేమైనా తగిలిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
కాదండీ, చారలన్నారు కాబట్టి జంగిల్ ఔలెట్ అయ్యుంటుంది. స్పాటెడ్ ఔలెట్‌కి తల మీద, వీపు మీద తెల్ల చుక్కలు ఉంటాయి, అది ఊళ్ళ దగ్గరే ఎక్కువ. దీనికి తల నుంచి తోక దాకా చారలే, రెక్క విప్పితే ఇటుక రంగు కూడా కనిపిస్తుంది. హిమాలయాల దిగువ అడవులైతే మాత్రం ఏషియన్ బార్డ్ ఔలెట్ కూడా ఉంటుంది, అది కాస్త పెద్దది.

జవాబు 2:
కంగారు పడకండి, అది పగలు కూడా తిరిగే పక్షే. తెల్లవారుజామున, సాయంత్రం బాగా అరుస్తుంది, నెమ్మదిగా మొదలై స్పీడు పెరిగి చివర్లో తగ్గిపోతుంది, ఒక్కసారి విన్నారంటే మర్చిపోరు. పురుగులు, బల్లులతో పాటు చిన్న పిట్టల్నీ పడుతుంది, అందుకే వాటికి అంత కోపం, ఆ గోలని బట్టే దీన్ని వెతికి పట్టుకోవచ్చు.

జవాబు 3:
ఒక్క మాట, దయచేసి ఫోన్‌లో దాని కూత ప్లే చేసి పిలవకండి. వేసవిలో వడ్రంగిపిట్టలు వదిలేసిన తొర్రల్లో గుడ్లు పెడుతుంది, ఆ టైమ్‌లో మరో పక్షి వచ్చిందనుకుని గూడు వదిలి వచ్చేస్తుంది. దూరంగా నిలబడి చూడండి, చాలాసేపు కదలకుండా అక్కడే కూర్చుంటుంది.