హెల్మెట్ కూడా తీయకుండా వెళ్లిపోయిన మనిషి రుణం ఎలా తీర్చుకోవాలి?

ప్రశ్న: కొండమలుపు

అందరికీ నమస్కారం. నెల రోజులుగా మనసులో మెదులుతున్న ఒక విషయాన్ని, బండి నడిపేవారికే సరిగ్గా అర్థమవుతుందన్న నమ్మకంతో మీ ముందు ఉంచుతున్నాను.

ఆ రాత్రి నేను ఒక్కడినే కొండదారి దిగుతున్నాను. వాన పెద్దదేమీ కాదు గాని, హెల్మెట్ అద్దం మీద నిలిచిపోయి ఎదుటి వెలుతురును చెదరగొట్టేలా సన్నగా, ఎడతెగకుండా పడుతోంది. ఒక మలుపులో హెడ్‌లైట్, దానితోపాటు వెనుక దీపం, మీటరు వెలుగు అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. తడుముకుంటూ బండిని అంచుకు తీసి ఆపాను. ఉన్న ఒకే ఒక్క అదనపు ఫ్యూజును ఫోను వెలుగులో మార్చాను. స్విచ్చి వేసిన మరుక్షణమే అదీ మాడిపోయింది. ఎక్కడో తీగ ఒరుసుకుపోయి బండి చట్రానికి తగులుతోందని ఊహించగలిగాను గాని, ఆ చీకట్లో దానిని వెతికి పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఫోనుకు సిగ్నలు లేదు. అరగంటలో మూడు కార్లు, ఒక లారీ నన్ను దాటి వెళ్లాయి.

ఆ తరువాత ఎదురుగా కొండ ఎక్కుతున్న ఒక మోటారు సైకిలు నన్ను దాటి, కొంత దూరంలో ఆగి, వెనక్కి తిరిగి వచ్చింది. ఆయన దిగి, ఏమైందని అడిగి, తన దగ్గరున్న ఫ్యూజు ఒకటి ఇచ్చి చూశారు. అది కూడా నిలవలేదు. అప్పుడు ఒక్క క్షణం ఆలోచించి, "మీరు ముందు నడవండి, నేను వెనకాల వెలుతురు చూపిస్తూ వస్తాను, తొందర పడకండి" అన్నారు. అలా దాదాపు 20 కిలోమీటర్లు, గంటకు పాతిక దాటని వేగంతో, నా నీడ నా దారికి అడ్డం పడకుండా కాస్త పక్కకు జరిగి, వెనుకనే వచ్చారు. కింద వీధిదీపాలున్న కూడలికి చేరి నేను బండి దిగేలోగానే ఆయన చేయెత్తి, బండి తిప్పుకుని, మళ్లీ అదే కొండ ఎక్కి వెళ్లిపోయారు. హెల్మెట్ తీయలేదు. ఆయన ముఖం నాకు తెలియదు, పేరు తెలియదు, బండి నంబరు చూడాలన్న ఆలోచన కూడా ఆ వేళ రాలేదు.

నన్ను తొలుస్తున్నది ఇంకొకటి ఉంది. అంతకు కొద్ది వారాల ముందు, పట్టపగలు, బండి పక్కన నేల మీద కూర్చున్న ఒక మనిషిని నేను దాటిపోయాను. ఆయన చేయెత్తలేదు, నేను ఆగలేదు. నాకు ఆలస్యమవుతోంది, విశ్రాంతి తీసుకుంటున్నాడులే అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు నాకు సాయం చేసిన మనిషితోపాటు ఆ మనిషి కూడా గుర్తుకొస్తున్నాడు.

అందుకే అడుగుతున్నాను. ముఖం తెలియని మనిషి రుణం తీర్చుకునే దారి ఏదైనా ఉందా? మరమ్మతు పెద్దగా తెలియని నాలాంటివాడు ఆగినా ప్రయోజనం ఉంటుందా? ఆగవలసిన అవసరం ఉందో లేదో దూరం నుంచి ఎలా తెలుస్తుంది?


సమాధానం: పాతపానా

ముందుగా, ఆ రాత్రి ఆయన చేసినది ఎంత ఆలోచించి చేసినదో చెప్పాలి, ఎందుకంటే మీరు రాసిన తీరు చూస్తే అందులో సగమే మీకు కనబడినట్లుంది. మామూలుగా అయితే వెలుతురు ఉన్నవారే ముందు నడుస్తారు. ఆయన అలా చేసి ఉంటే ఆయన దీపం ఆయన ముందున్న దారినే చూపేది. మీరు ఒక ఎర్రచుక్కను పట్టుకుని, గుంత ఏదో నీరు ఏదో తెలియకుండా దిగవలసి వచ్చేది. పైగా మీ వెనుక దీపం కూడా ఆరిపోయింది. మలుపు తిరిగి వచ్చే లారీ నడిపేవారికి మీరు కనబడే మార్గమే లేదు. ఆయన వెనుక నడవడం వల్ల మీకు వెలుతురు దొరకడమే కాక, వెనుక నుంచి రాగల ప్రమాదానికి, మీకు మధ్య ఆయన ఉన్నారు. ఫ్యూజు నిలవనప్పుడు కొందరు వెండికాగితం చుట్టి పని కానిస్తారు. తీగ చట్రానికి తగులుతున్నప్పుడు ఆ పని చేస్తే తీగలు కాలిపోతాయి, బండే అంటుకోవచ్చు. ఆయన ఆ దారి కూడా పట్టలేదు. పని తెలిసిన మనిషి.

మరమ్మతు తెలియకపోతే ఆగి ప్రయోజనమేమిటని అడిగారు. ముప్పై ఏళ్లుగా బండి మీద తిరుగుతున్నాను. దారిలో నేను ఆగిన సందర్భాలలో చేతికి పానా పట్టిన రోజులు చాలా తక్కువ. ఎక్కువసార్లు కావలసినవి ఒక ఫోను, కొంచెం పెట్రోలు, వెలుతురు, లేదా పంక్చరైన చక్రాన్ని విప్పి తీసుకువెళ్లే వెనుక సీటు. సెల్ఫ్ పని చేయకపోతే తోసిపెట్టడానికి ఇంకొక జత చేతులు కావాలి. రెండో గేరులో వేసి, క్లచ్ పట్టి, బండి వేగం అందుకున్నాక వదిలితే చాలా బండ్లు అంటుకుంటాయి. అయితే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఎంత తోసినా లాభం లేదు, ఎందుకంటే దాని పెట్రోలు పంపు నడవడానికే కరెంటు కావాలి. ఆ సంగతి తెలియక ఇద్దరు మనుషులు ఎండలో గంటసేపు తోయడం నేను చూశాను. క్లచ్ తీగ తెగిన బండిని కూడా మెల్లగా ఇంటికి చేర్చవచ్చు. ఇంజను నడుస్తుండగా న్యూట్రల్‌లో తోసి, కదలిక వచ్చాక ఒకటో గేరు వేసుకుని, ఆ పైన యాక్సిలరేటర్ వదులుతూ గేర్లు మార్చుకోవాలి. అలా వెళ్లేవారికి కావలసింది ప్రతి కూడలిలోనూ ముందు వెళ్లి దారి చూసే తోడు ఒకరు.

రెండు పనులు మాత్రం ప్రేమతో కూడా చేయవద్దు. పెట్రోలును గొట్టంతో నోటితో పీల్చవద్దు. అది పొరపాటున ఊపిరితిత్తులలోకి వెళితే ప్రాణాపాయం. చేతితో నొక్కే చిన్న పంపు ఉన్న గొట్టం దొరుకుతుంది, దాన్ని దగ్గర ఉంచుకోండి. అలాగే ఆగిపోయిన బండిని ఇంకొక బండి మీద కూర్చుని కాలితో నెట్టుకుంటూ వెళ్లడం చూడడానికి సులభంగా ఉంటుంది గాని, ముందున్నవారు బ్రేకు వేసిన క్షణంలో ఇద్దరూ పడతారు. తాడు కట్టవలసి వస్తే ముడి వేయకుండా, వెనుక బండి కాలిపీటకు ఒక చుట్టు చుట్టి, కొసను పాదంతో తొక్కి ఉంచమనండి. తేడా వస్తే పాదం ఎత్తగానే తాడు వదిలిపోతుంది.

ఇక గుర్తుల సంగతి. కొన్ని దేశాలలో హెల్మెట్‌ను బండి వెనుక నేల మీద పెడితే సాయం కావాలని అర్థం. ఎదురొచ్చే బండ్లను పలకరించడానికి చాలాచోట్ల ఎడమ చేయి కిందికి చాపుతారు, కుడి చేయి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కనుక. ఎడమ వైపు నడిపే బ్రిటన్ వంటి దేశాలలో ఆ చేయి ఎదుటివారికి సరిగ్గా కనబడదు కాబట్టి అక్కడ తల ఊపుతారు. ఫ్రాన్సులో దాటి వెళ్లేవారు కుడి కాలు పక్కకు చాపితే అది కృతజ్ఞత. కొత్తవారికి అది తన్నబోతున్నట్లు కనబడుతుంది. ఇవేవీ తెలియకపోయినా మనిషి చూపును గమనిస్తే చాలు. విశ్రాంతి తీసుకునేవారు దూరానికో ఆకాశానికో చూస్తారు. చిక్కుకున్నవారు బండి వైపో, దారి వైపో చూస్తారు. సందేహం ఉంటే వేగం తగ్గించి, బొటనవేలు చూపి "బాగేనా?" అని సైగ చేయండి. ఇబ్బంది లేకపోతే వారూ బొటనవేలు చూపుతారు. మీకు పట్టే సమయం నాలుగు సెకన్లు.


సమాధానం: నెమ్మదిగా

మీరు దాటివచ్చిన ఆ రెండో మనిషి గురించి ఒక మాట. మనస్తత్వ శాస్త్రంలో 1973లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు చేశారు. ప్రిన్స్‌టన్‌లో మతశాస్త్రం చదువుకునే 40 మంది విద్యార్థులను ఒక భవనం నుంచి మరొక భవనానికి ప్రసంగించడానికి పంపారు. కొందరికి ఇచ్చిన అంశం బైబిలులోని మంచి సమరయుని కథ, అంటే దారిలో పడి ఉన్న అపరిచితుడికి సాయం చేసిన మనిషి కథే. వెళ్లే దారిలో ఒక వ్యక్తి కూలబడి, దగ్గుతూ, మూలుగుతూ ఉండేలా ఏర్పాటు చేశారు. తొందర లేనివారిలో 63 శాతం ఆగారు. ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవారిలో ఆగినవారు 10 శాతం. మనసులో ఏ కథ ఉన్నదన్నదానికన్నా చేతిలో ఎంత సమయం ఉన్నదన్నదే వారి నడతను ఎక్కువగా నిర్ణయించింది.

మీరు చెడ్డవారు కాబట్టి ఆగలేదని నేను అనుకోను. అలాగని మిమ్మల్ని ఓదార్చడానికి కూడా ఇది రాయడం లేదు. ఈ లెక్క చదివినప్పటి నుంచి నేను ఎక్కడికి బయలుదేరినా పావుగంట ముందు బయలుదేరుతున్నాను. సాయపడటానికి నేను చేసుకున్న సన్నాహం అదొక్కటే, అది పని చేస్తోంది.

మిమ్మల్ని దాటిపోయిన కార్ల విషయంలో కూడా తొందరపడి తీర్పు చెప్పలేను. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో వెలువరించిన హర్ట్ నివేదిక ప్రకారం, మరొక వాహనంతో జరిగిన ప్రమాదాలలో దాదాపు మూడింట రెండు వంతులు ఆ వాహనం నడిపేవారు బండికి దారి ఇవ్వకపోవడం వల్ల జరిగినవే, అందుకు ముఖ్య కారణం వారికి బండి కనబడకపోవడం. కదులుతున్న బండే కనబడనప్పుడు, దీపం లేకుండా వానలో నిలిచిన బండి వారికి కనబడిందని ఎలా అనుకోగలం? బండి నడిపేవారి కన్ను మాత్రం దారి అంచున నిలిచిన రెండు చక్రాలను వెతికి మరీ పట్టుకుంటుంది. ఏదో ఒక రోజు తామూ అక్కడ నిలబడి ఉంటారు కాబట్టి.


సమాధానం: ఒంటరి ప్రయాణం

నేను స్త్రీని, ఎక్కువగా ఒంటరిగా ప్రయాణిస్తాను. పైవారు చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తూనే, ఎవరూ ప్రస్తావించని ఒక విషయం చెప్పాలి. ఆగిన ప్రతి మనిషీ నాకు ముందుగా ఒక ప్రశ్నలాగే కనబడతాడు. ఆ మనిషి మంచివాడు కావచ్చు, కాని అది నాకు తెలిసేది ఆఖరున.

ఒకసారి చైను జారిపోయి నిర్మానుష్యమైన దారిలో ఆగాను. వచ్చిన మొదటి వ్యక్తి అడగకుండానే నా చేతిలోని పానా అందుకున్నారు. అక్కరలేదని రెండుసార్లు చెప్పినా కదలలేదు. ఎక్కడికి వెళుతున్నారు, ఒంటరిగా ఎందుకు వెళుతున్నారు అని అడుగుతూనే ఉన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే అయి ఉండవచ్చు. నా చేతులు మాత్రం వణికాయి, మామూలుగా పది నిమిషాలలో అయ్యే పని కాలేదు. చివరికి, ఇంటివాళ్లు వస్తున్నారని అబద్ధం చెప్పి పంపవలసి వచ్చింది.

ఆ తరువాత వచ్చినాయన పది అడుగుల దూరంలోనే బండి ఆపారు. ఇంజను ఆపి, హెల్మెట్ తీసి ముఖం కనబడేలా నిలబడి, "ఏమైనా కావాలా అమ్మా? వద్దంటే వెళ్లిపోతాను" అన్నారు. ఆ రెండో వాక్యం వినగానే నాకు ధైర్యం వచ్చింది. వద్దనే హక్కును ముందే నా చేతిలో పెట్టి సాయం ఇవ్వజూపారు. గుడ్డ ముక్క అడిగాను, ఇచ్చారు. చైను నేనే ఎక్కించుకున్నాను. అది పూర్తయ్యేవరకు ఆయన అక్కడే, తన బండి పక్కనే, దారి వైపు చూస్తూ నిలబడ్డారు.

కొండమలుపు గారూ, మీకు సాయం చేసినాయన హెల్మెట్ తీయకపోవడం మీకు గొప్పగా అనిపించింది, అది నిజంగా గొప్పదే. నా విషయంలో మాత్రం హెల్మెట్ తీయడమే దయ. ఎదుటివారిని బట్టి అది మారుతుందని గుర్తుంచుకోండి.


సమాధానం: రాత్రి డ్యూటీ

నేను ఆసుపత్రి అత్యవసర విభాగంలో పని చేస్తాను. బండి పాడైనప్పుడు కాకుండా మనిషి పడిపోయినప్పుడు ఆగేవారి కోసం కొన్ని మాటలు చెబుతాను.

పరుగెత్తుకుంటూ పడినవారి దగ్గరకు వెళ్లే ముందు మీ బండిని ఇండికేటర్లు వెలుగుతూ ఉండేలా, వెనుక నుంచి వచ్చేవారికి కనబడే చోట నిలపండి. ఇంకొకరు ఉంటే మలుపుకు అవతలికి పంపి వాహనాలను ఆపించండి. పడిన బండి ఇంజను ఇంకా నడుస్తుంటే ఆపండి. తరువాత మనిషిని లేపి కూర్చోబెట్టాలన్న ఆరాటాన్ని అణచుకోండి. శ్వాస మామూలుగా ఆడుతుంటే హెల్మెట్ తీయవద్దు; అద్దం పైకెత్తి, మెడ కదలకుండా తలను రెండు చేతులతో పట్టుకుని మాట్లాడుతూ ఉండండి. శ్వాస ఆడకపోతేనో, వాంతితో గొంతు మూసుకుపోతేనో హెల్మెట్ తీయక తప్పదు. అప్పుడు కూడా వీలైతే ఇద్దరుండాలి. ఒకరు కింది నుంచి మెడను, దవడను పట్టుకుంటే మరొకరు నెమ్మదిగా లాగాలి. నీళ్లు తాగించవద్దు.

ఎంతోమంది క్షతగాత్రులు మా దగ్గర కళ్లు తెరిచాక మొదట అడిగేది, దారిలో తన చేయి పట్టుకుని కూర్చున్నవారు ఎవరని. మా దగ్గర ఆ పేరు దాదాపు ఎప్పుడూ ఉండదు.


ప్రశ్న అడిగినవారి జవాబు: కొండమలుపు

అందరికీ కృతజ్ఞతలు. ఒంటరి ప్రయాణం గారూ, ఆ రెండో వాక్యాన్ని నేను నేర్చుకున్నాను. పాతపానా గారూ, ఆయన వెనుక ఎందుకు నడిచారో మీరు చెప్పేవరకు నాకు నిజంగానే తెలియదు. నా వెనుక దీపం ఆరిపోయిన సంగతి ఆ రాత్రి నాకు గుర్తే లేదు, ఆయనకు గుర్తుంది.

తీగ దొరికింది. హ్యాండిల్ తిరిగే చోట చట్రానికి ఒరుసుకుని, పైతొడుగు అరిగిపోయి ఉంది. టేపు చుట్టి, పక్కకు జరిపి కట్టాను.

మొన్న ఆదివారం దారి పక్కన ఒక పెద్దాయన బండి ఆపుకుని ఉంటే వేగం తగ్గించి బొటనవేలు చూపాను. ఆయన నవ్వి తిరిగి చూపారు. చెట్టు నీడలో కాళ్లు చాపుకోవడానికి ఆగారట. ఆ నాలుగు సెకన్లు నాకెందుకో చాలా తేలికగా అనిపించాయి.

సీటు కింద పెట్టెలో ఇప్పుడు ఆరు ఫ్యూజులు ఉన్నాయి. అందులో నా బండికి సరిపోయేవి రెండే.