పీసీ గేమింగ్ పని అయిపోయినట్టేనా? 70 వేలు పెట్టే ముందు అడుగుతున్నా

అరండల్‌పేట కుర్రోడు, గుంటూరు

అందరికీ నమస్తే. నాది బీటెక్ రెండో ఏడాది. ఇంట్లో ఉన్నది ఏడేళ్ల నాటి సిస్టమ్, అందులో జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మ గీసేది). కొత్త ఆట ఏది వేసినా ఫ్యాను మోత తప్ప బొమ్మ కదలదు. నాన్న 70 వేలు ఇస్తానన్నారు, "చదువుకి పనికొచ్చే సిస్టమ్ తీసుకో" అని. మా క్లాసులో ఒకడు మాత్రం "పీసీ గేమింగ్ పని అయిపోయిందిరా, పీఎస్5 తీసుకుని మిగతా డబ్బులకి ఆటలు కొనుక్కో" అని పొద్దున్నుంచీ చెవిలో పోరు పెడుతున్నాడు. పీఎస్5 అంటే టీవీకి తగిలించి ఆడే సోనీ పెట్టె, ఇలాంటివాటిని కన్సోల్ అంటారు. వాడి పాయింటు ఏంటంటే, అందరూ ఎదురుచూస్తున్న జీటీఏ 6 ఆటకి 2026 నవంబర్ 19 అని తేదీ ప్రకటించారు. అదీ పీఎస్5కి, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్‌కి మాత్రమే. పీసీ ఊసే లేదు. పైగా సిస్టమ్‌లో వేసే మెమరీ, అదే ర్యామ్, దాని రేట్లు చూస్తే టెన్షన్ వచ్చేస్తోంది. పీసీ నిజంగా నిలబడుతుందా, లేక చివరి బస్సు వెళ్లిపోయాక నేను బస్టాండుకి బయల్దేరుతున్నానా?

మాజీ నెట్‌సెంటర్, గుంటూరు

తమ్ముడూ, వెళ్లిపోయింది. ఆ బస్సు నడిపినవాణ్ణి నేనే కాబట్టి చెబుతున్నా.

2005లో కొత్తపేటలో 12 సిస్టమ్‌లతో నెట్‌సెంటర్ పెట్టాను. గంటకి 20 రూపాయలు. పేరుకే నెట్. సాయంత్రం ఇంటర్ కాలేజీలు వదిలారంటే పదకొండింట్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 నడిచేది. పన్నెండో దాంట్లో ఎవడో పాపం హాల్‌టికెట్ ప్రింటుకొచ్చి ఆ అరుపుల మధ్య బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాడు. జీటీఏ వైస్ సిటీ చీట్ కోడ్లు (ఆటలో అడ్డదారికి టైపు చేసే మాటలు) గోడ మీద పెన్సిల్‌తో రాసేవాళ్లు. రెండుసార్లు సున్నం వేయించాను, రెండుసార్లూ వారం తిరక్కుండానే మళ్లీ రాశారు. మౌస్ అడుగున రబ్బరు బంతి ఉండేది గుర్తుందా? అదీ జేబులో వేసుకుపోయేవాళ్లు! దాంతో ఏం చేసుకునేవాళ్లో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు అదే షాపులో ఐదు పీఎస్5లు, ఐదు సోఫాలు. ఎందుకు మారానంటే, ముఖ్యంగా ఆ సోఫా కోసమే. పీసీకి ఒక కుర్చీ, ఒక మనిషి, ఒకరి డబ్బులు. పీఎస్5 ముందు ఇద్దరు కూర్చుని ఫుట్‌బాల్ ఆడతారు, వెనక ఇద్దరు నిలబడి తిడుతుంటారు, ఓడినవాడు లేస్తే వాళ్లు కూర్చుంటారు. వైరస్ లేదు, విండోస్ అప్‌డేట్ లేదు, స్టీమ్ (పీసీ ఆటలు కొనే ఆన్‌లైన్ దుకాణం) పాస్‌వర్డ్ మార్చేసి పారిపోయేవాడు లేడు. ఆడేటప్పుడు సుమారు 200 వాట్లు లాగుతుంది, కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద లాగించేస్తా. ఒక్కటే చిరాకు, కంట్రోలర్ స్టిక్ కొన్నాళ్లకి దానంతటదే పక్కకి జరగడం మొదలుపెడుతుంది. నేను మొదట కొన్నప్పుడే ఒక్కోటి 5,990.

నా మట్టుకు నాకు 2018లో పబ్జీ ఫోన్‌లోకి వచ్చినప్పుడే పీసీ కథ ముగిసింది. మిగిలిందల్లా దినం భోజనాలే.

ఎస్ఎంపీఎస్, గవర్నర్‌పేట, విజయవాడ

అన్నా, పోయింది మీ నెట్‌సెంటర్. ఆట పోలేదు. మీ కుర్చీలు ఖాళీ చేసింది కన్సోలూ కాదు. ఇంట్లోకి బ్రాడ్‌బ్యాండ్, జేబులోకి 4జీ వచ్చాక గంటకి 20 ఇచ్చి మీ దగ్గర ఎందుకు కూర్చుంటారు?

నేను గవర్నర్‌పేటలో సిస్టమ్‌లు కడతాను, రిపేర్లూ చేస్తాను. పీసీ గేమింగ్ చచ్చిపోతోందన్న మాట 2000లో పీఎస్2 వచ్చినప్పటి నుంచీ వింటూనే ఉన్నా. ఈలోగా జరిగింది చూడండి. పీఎస్3లో సెల్ అని సోనీ ప్రత్యేకంగా చేయించుకున్న ప్రాసెసర్ ఉండేది. దాని మీద రాసిన ఆటని పీసీకి తేవడం తలనొప్పి. 2013లో పీఎస్4తో ఏఎండీ చిప్‌కి, అంటే మన పీసీల్లో ఉండే ఎక్స్86 బాపతుకే వచ్చేశారు. పీఎస్5 కూడా అంతే. లోపల ఉన్నది పీసీ బంధువే, చొక్కా మార్చుకుందంతే. అందుకే సోనీ సొంత ఆటలు, 2020లో హొరైజన్, 2022లో గాడ్ ఆఫ్ వార్ పీసీకి వచ్చాయి. 2024లో హెల్‌డైవర్స్ 2 అయితే పీఎస్5కీ పీసీకీ ఒకే రోజు. మైక్రోసాఫ్ట్ తన ఆటల్ని ఎక్స్‌బాక్స్‌తో పాటే పీసీకీ ఇస్తోంది. కన్సోల్ వాళ్లే పీసీ గుమ్మం తొక్కుతుంటే పోయింది ఎవరంటారు?

జీటీఏ సంగతీ చెబుతా. వైస్ సిటీ పీఎస్2కి 2002 అక్టోబర్, పీసీకి 2003 మే. శాన్ ఆండ్రియాస్ 2004 అక్టోబర్, పీసీకి 2005 జూన్. జీటీఏ 5 అయితే 2013 సెప్టెంబర్‌లో వచ్చి, పీసీకి 2015 ఏప్రిల్ దాకా రాలేదు. ప్రతిసారీ లేటే, ప్రతిసారీ వచ్చింది. ఇంతకీ పీఎస్2లో చీట్ కావాలంటే బటన్లు వరసగా నొక్కాలి, అక్షరాలు టైపు చేసేది పీసీలోనే. మీ గోడ మీద పెన్సిల్‌తో రాసినవన్నీ లేటుగా వచ్చిన పీసీ ఆటవే కదన్నా?

ఎఫ్‌పీఎస్ పిచ్చోడు, తాడేపల్లి

వాలరంట్ అనే షూటింగ్ ఆట 2024లో కన్సోల్‌కీ వచ్చింది. కానీ పీసీ వాళ్లతో కలిపి ఆడనివ్వరు. మౌస్ పట్టినవాడి ముందు కంట్రోలర్ పట్టినవాడు రెండు నిమిషాలు నిలబడడని చేసినవాళ్లకే తెలుసు.

ఇంకోటి. కౌంటర్ స్ట్రైక్ పుట్టింది హాఫ్‌లైఫ్ అనే పీసీ ఆటకి కుర్రాళ్లు చేసిన మాడ్‌గా, అంటే ఆటని తమకి నచ్చినట్టు మార్చుకున్న రూపంగా. డోటా పుట్టింది వార్‌క్రాఫ్ట్ 3 మాడ్‌గా. నెట్‌సెంటర్ అన్న ఏ పబ్జీ పేరు చెప్పి పీసీకి దినం పెట్టేశాడో, దాని మూలం కూడా ఆర్మా 2 అనే పీసీ ఆట మీద చేసిన మాడే. పీసీ తల్లి, ఫోన్ దత్తత తీసుకుంది.

మాజీ నెట్‌సెంటర్, గుంటూరు

తల్లి ఎవరైతే ఏంటి తమ్ముడూ, పిల్లాడు ఇప్పుడు ఎవరింట్లో తింటున్నాడన్నదే లెక్క. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి దిగిన బావా బావమరుదులు మా షాపుకొచ్చి మూడు గంటలు అరుచుకుని పోతారు. వాళ్లకి నీ హెడ్‌షాట్లు అక్కర్లేదు, పక్కన కూర్చుని వెక్కిరించడానికి మనిషి కావాలి.

గోడ సంగతి ఒప్పుకుంటా. కానీ ఎస్ఎంపీఎస్ తమ్ముడూ, చరిత్ర చాలు, కొటేషన్ రాయి. మానిటర్‌తో సహా 70 వేలకి పీఎస్5కి దీటైన కొత్త సిస్టమ్ కట్టి చూపించు.

ఎస్ఎంపీఎస్, గవర్నర్‌పేట, విజయవాడ

అక్కడ దొరికిపోయాను. కొత్త సరుకుతో ఇప్పుడు కట్టలేను.

ఏఐ డేటా సెంటర్ల వాళ్లు మెమరీ చిప్‌లు లారీలకి లారీలు ఎత్తుకుపోతున్నారు. క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకి ర్యామ్, ఎస్ఎస్‌డీ అమ్మే వ్యాపారం మానేస్తున్నట్టు మెమరీ కంపెనీ మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. మీ మిర్చి యార్డు నయం, అక్కడ రేటు కనీసం సరుకు చూసి కడతారు. నా కొటేషన్ల మీద "ఈ రేటు ఈరోజుకే" అని ఎర్ర పెన్నుతో రాసి ఇస్తున్నా. మొన్న ఒకాయన ఇంట్లో అడిగి వస్తానని వెళ్లి, నాలుగు రోజుల తర్వాత వచ్చి, కొత్త రేటు చూసి నన్ను దొంగని చూసినట్టు చూశాడు.

2020 నుంచి రెండేళ్లు గ్రాఫిక్స్ కార్డులకీ ఇదే గతి. ఇథీరియం అనే క్రిప్టో నాణేన్ని ఆ కార్డులతో తవ్వేవాళ్లు ఊడ్చుకుపోయారు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం పద్ధతి మార్చేసరికి తవ్వకం ఆగింది, వాడిన కార్డులు మార్కెట్లోకి కుప్పలుగా వచ్చి పడ్డాయి. ఇదీ అలాగే దిగుతుందా అంటే నేను మాటివ్వను. పీసీకి నేను భయపడేది ఈ రేట్లకే, సోనీకి కాదు.

మీ పీఎస్5లోనూ 16 జీబీ మెమరీ ఉందన్నా, అదేమీ చెట్టుకి కాయదు. పూర్వం కన్సోల్ పాతబడితే రేటు దిగేది. ఇది 2021 ఫిబ్రవరిలో మన దేశంలోకి 49,990కి వచ్చి, 2022 నవంబర్‌లో 54,990 అయింది. 2024లో సన్నబడిన స్లిమ్ మోడల్ కూడా అదే రేటుకి వచ్చింది. ఒళ్లు తగ్గింది, రేటు తగ్గలేదు.

సింగ్‌నగర్ వాసి, విజయవాడ

రేట్లు, చిప్‌లు నాకు అంతగా తెలియవు. మా ఇంట్లో జరిగింది చెబుతా.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా వీధిలోకి వచ్చింది. మాది కింద పోర్షన్. పిల్లల్ని, అమ్మని పైవాటాలోకి ఎక్కించేసరికే నీళ్లు మంచం దాటాయి. నా సీపీయూ టేబుల్ కింద, తమ్ముడి పీఎస్5 టీవీ స్టాండ్ కింది అరలో. నీళ్లు తీశాక లోపలికెళ్తే గోడల మీద మొల ఎత్తున బురద గీత. సీపీయూ పక్క రేకు విప్పితే లోపల్నుంచి బురద, దాంతో పాటు రెండు వానపాములు పడ్డాయి. అమ్మ "అవతల పారెయ్‌రా" అంది.

పారెయ్యలేదు. ఏ ముక్కకా ముక్క ఊడదీశా. మంచినీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి పళ్ల బ్రష్‌తో రుద్ది, డాబా మీద నీడపట్టున పాత చీర పరిచి వడియాల్లా ఆరబెట్టా. పది రోజులు. మదర్‌బోర్డు పోయింది, ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే డబ్బా) పోయింది, హార్డ్ డిస్క్ పోయింది. ప్రాసెసర్, ర్యామ్ రెండూ, గ్రాఫిక్స్ కార్డు బతికాయి! సెకండ్‌హ్యాండ్ బోర్డు, కొత్త ఎస్ఎంపీఎస్, చిన్న ఎస్ఎస్‌డీ వేసుకుంటే నడిచింది. స్టీమ్‌లో లాగిన్ అయితే నా సేవ్‌లు చాలావరకు క్లౌడ్‌లోనే ఉన్నాయి. కార్డు ఫ్యాను ఒకటి ఇప్పటికీ కరకరలాడుతుంది, అది బురద గొంతు.

తమ్ముడి పీఎస్5 తీసుకెళ్తే రిపేరు షాపతను విప్పి చూసి మళ్లీ మూత పెట్టేశాడు. అంతా ఒకే బోర్డు, ప్రాసెసర్, మెమరీ, దాని సొంత ఎస్ఎస్‌డీ అన్నీ అందులోనే అతికించి ఉంటాయట. ఏదో ఒకటి మార్చడమంటూ లేదన్నాడు. అది ఇప్పటికీ అటక మీద ఉంది. తమ్ముడు పారెయ్యనివ్వడు.

మాజీ నెట్‌సెంటర్, గుంటూరు

వరద వస్తుందని అందరూ పడవ కొనుక్కోలేరు కదా బాబూ. అయినా మీరు పడ్డ పాట్లకి మనసు చివుక్కుమంది.

అమ్మ కూడా ఆడుతుంది, పటమట, విజయవాడ

ఇంతసేపూ అందరూ పెట్టె లోపల ఏముందో మాట్లాడారు. ఆ పెట్టె ఇంట్లోకి ఏ పేరు చెప్పుకుని వస్తుందో ఎవరూ అనలేదు. కుర్రోడి ప్రశ్నలోనే ఉంది, వాళ్ల నాన్నగారు 70 వేలు ఇచ్చింది "చదువుకి".

మా ఇంట్లోకి సిస్టమ్ 2001లో వచ్చింది. కంప్యూటర్ నేర్చుకుంటే అమెరికానే అని ఊరంతా అనుకుంటున్న రోజులు. పసుపు కుంకుమ పెట్టి, మీద టవల్ కప్పారు. పగలు మా అన్నయ్య సి లాంగ్వేజి, రాత్రి అందరూ పడుకున్నాక నేను ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. స్పీకర్ వైరు పీకేసి ఆడేదాన్ని. నెట్‌సెంటర్ గారూ, కోపం తెచ్చుకోకండి, మీ పన్నెండు కుర్చీల్లో ఒక్క అమ్మాయినైనా చూశారా? నేను ఆ గుమ్మం ఎక్కి ఉంటే సాయంత్రానికి మా వీధికి, రాత్రికి మా నాన్నకి తెలిసేది. నాలాంటి వాళ్లకి ఆట అంటే ఇంట్లో పీసీయే.

పీఎస్5 కొనాలంటే ముందు ఇది ఆటకే అని ఒప్పుకోవాలి. మన ఇళ్లలో 50 వేలు పెట్టి ఆట కొంటున్నామని చెప్పడం కంటే దొంగతనం ఒప్పుకోవడం తేలిక. సిస్టమ్‌కి ఆ గొడవ లేదు. ప్రాజెక్టు చేస్తుంది, రెజ్యూమె చేస్తుంది, కరెంటు బిల్లు కడుతుంది, పదకొండు దాటాక ఆడుకోనిస్తుంది. ఆ ముసుగు ఉన్నన్నాళ్లూ మన ఊళ్లలో పీసీ గేమింగ్‌కి ఢోకా లేదు.

మళ్లీ నన్నే అడుగుతారేమో, మా అబ్బాయికి నేను కొన్నది మాత్రం పీఎస్5. వాడికి పదకొండేళ్లు. అది హాల్లో టీవీకి ఉంటుంది, ఎవరితో మాట్లాడుతూ ఆడుతున్నాడో వంటింట్లోకి వినబడుతుంది. పీసీ అయితే గదిలో, తలుపేసుకుని. నేను చిన్నప్పుడు చేసిన పని నాకు తెలుసు కదా.

మాజీ నెట్‌సెంటర్, గుంటూరు

ఒకే ఒక్కమ్మాయి మేడమ్, అదీ హాల్‌టికెట్ ప్రింటుకి. మీరు చెప్పాక గుర్తొచ్చింది. మానిటర్ల వైపు ఓసారి చూసి, ప్రింటు తీసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు సోఫాల మీదా అంతే, అన్నదమ్ములతో వస్తే తప్ప రారు.

అరండల్‌పేట కుర్రోడు, గుంటూరు

ఇదంతా నాన్నకి చూపించాను. పటమట అక్క రాసింది కాస్త దాటేసి మరీ చూపించా, సారీ అక్కా. నాన్న మిర్చి కమీషన్ వ్యాపారం, చిప్‌ల సంగతి పట్టించుకోలేదు. సింగ్‌నగర్ అన్న రాసింది రెండుసార్లు చదివి "అయితే ముక్కలుగా మార్చొచ్చన్నమాట" అన్నారు. ఆ మాట మీద పీసీకే ఫిక్స్ అయ్యా. కానీ ర్యామ్ రేటు అలాగే ఉంది కదా, ఏం చెయ్యను?

ఎస్ఎంపీఎస్, గవర్నర్‌పేట, విజయవాడ

కొత్త ర్యామ్ కొనకు. నీది ఏడేళ్ల సిస్టమ్ అంటే లోపల డీడీఆర్4 రకం ర్యామ్ ఉండాలి. అది తీసి జాగ్రత్తగా పెట్టుకో, ఎవరికీ అమ్మకు. డీడీఆర్4 తీసుకునే ఏఎం4 రకం మదర్‌బోర్డు, రైజెన్ 5 5600 ప్రాసెసర్, వాడిన గ్రాఫిక్స్ కార్డు మంచిది ఒకటి చూసి వేద్దాం. ర్యామ్ చాలకపోతే జతకి సెకండ్‌హ్యాండ్‌ది వెతుకుతా. మానిటర్, క్యాబినెట్ పాతవే. నీ 70లో బాగానే మిగులుతుంది. జీటీఏ 6 పీసీకి వచ్చినప్పుడు కార్డొక్కటే మార్చుకుందువు గాని.

ఆదివారం సీపీయూ పట్టుకుని రా. పదకొండు దాటాక రా, పొద్దున మా లైన్లో కరెంటు తీస్తారట.

మాజీ నెట్‌సెంటర్, గుంటూరు

తమ్ముణ్ణి నా బండి మీద నేనే తీసుకొస్తా. వెనక గది ఖాళీగా ఉంది, వాలరంట్ కావాలని కుర్రాళ్లు అడిగి అడిగి వెళ్లిపోతున్నారు. రెండు సిస్టమ్‌లకి కొటేషన్ రాసి ఉంచు. ఎర్ర పెన్ను వాడకు.